మాంద్యంలో ఇంటికొచ్చే పైసలు

ఆచార్య జయశంకర్ స్మారకోపన్యాసం



జయశంకర్ సార్ పేరిట మాట్లాడమని పిలిచినప్పుడు విషయం కోసం వెతుక్కోవలసిన అవసరం రాలేదు. స్థానికులకే ఉద్యోగాలు ఇవ్వాలన్న 1952 ముల్కీ ఉద్యమంలో విద్యార్థిగా పాల్గొన్న నాటి నుంచి 2011 జూన్ 21న కన్నుమూసే దాకా ఆయన తెలంగాణ గురించే ఆలోచించారు. కాకతీయ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేశారు. ఏ పదవిలో ఉన్నా ఆయన అర్థశాస్త్రం చెప్పిన మాస్టారే. ఉమ్మడి రాష్ట్రం మొత్తానికి ఇంత ఖర్చయింది, ఇన్ని ఉద్యోగాలిచ్చాం అని ప్రభుత్వం ఒక అంకె చూపిస్తే, ఆయన దాన్ని విప్పేవారు. అందులో ఏ ప్రాంతానికి ఎంత? ఎవరి డబ్బు ఎక్కడ ఖర్చయింది? మొత్తం బాగుందంటే అందరికీ బాగున్నట్టు కాదని మూడు తరాలకు లెక్కలతో నేర్పిన మనిషి ఆయన. కోరుకున్న తెలంగాణ రాష్ట్రం 2014లో వచ్చింది, చూడటానికి ఆయన లేరు.

ఈరోజు నేను చేయబోయేది ఆయన పద్ధతినే మరో అంకె మీద ప్రయోగించడం. ఆ అంకె విదేశాల నుంచి మనవాళ్లు ఇళ్లకు పంపే డబ్బు. బ్యాంకుల భాషలో రెమిటెన్సులు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన బతుకులను మూడు మాటల్లో చెప్పుకున్న ప్రాంతం ఇది. ఆ మూడో మాట గురించే ఎక్కువగా మాట్లాడతాను.

నా వాదన ఒక్కటే. ప్రపంచం మాంద్యంలో పడ్డప్పుడు కూడా ఈ డబ్బు పెద్దగా తగ్గడం లేదని అందరూ మెచ్చుకుంటున్నారు. అది తగ్గకుండా నిలబెడుతున్నది కార్మికుడి ఒళ్లు, అతని ఇంటి అప్పు. అక్కడి ప్రభుత్వాల వలస విధానమూ, ఇక్కడి ప్రభుత్వాల మౌనమూ కలిసి ఆ భారాన్ని అతని మీదకే నెడుతున్నాయి.

1. తగ్గని మొత్తం

2008 జూలైలో ముడి చమురు పీపా 147 డాలర్లు పలికింది. అదే సంవత్సరం డిసెంబరుకల్లా 40 డాలర్ల కిందికి పడిపోయింది. దుబాయ్‌లో సగం లేచిన భవనాల దగ్గర క్రేన్లు ఆగిపోయాయి. 2009 నవంబరులో దుబాయ్ వరల్డ్ అనే ప్రభుత్వ సంస్థ అప్పులు తీర్చడానికి గడువు కోరింది. మన జిల్లాల నుంచి వెళ్లినవాళ్లలో చాలామంది ఆ కట్టడాల మీద పనిచేసినవాళ్లే. ఈ లెక్కన దేశానికి వచ్చే డబ్బు కూలిపోవాలి. కానీ 2008లో సుమారు 5,000 కోట్ల డాలర్లు వస్తే, 2009లో సుమారు 4,900 కోట్ల డాలర్లు వచ్చాయి. అదే కాలంలో విదేశీ పెట్టుబడిదారులు స్టాక్ మార్కెట్ నుంచి డబ్బు ఎంత వేగంగా లాక్కున్నారో మీకు గుర్తుండే ఉంటుంది.

2020 మరీ విచిత్రం. ఆ ఏప్రిల్‌లో ప్రపంచ బ్యాంకు ఒక అంచనా వేసింది. కరోనా వల్ల భారతదేశానికి వచ్చే డబ్బు 23 శాతం పడిపోయి 6,400 కోట్ల డాలర్ల దగ్గర ఆగుతుందని చెప్పింది. విమానాలు లేవు, లేబర్ క్యాంపులకు తాళాలు, పనులు బంద్. ఆ అంచనాను కాదనడానికి ఎవరి దగ్గరా కారణం లేదు. ఏడాది తిరిగేసరికి లెక్క తేలింది: 8,300 కోట్ల డాలర్లు. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే తగ్గుదల ఒక్క శాతం కూడా లేదు.

అప్పటి నుంచి ఆర్థిక నివేదికల్లో ఈ డబ్బును ఎంత గాలివానకైనా చెక్కుచెదరని వనరుగా వర్ణిస్తున్నారు. దేశ విదేశీ మారక నిల్వలకు ఇది నిజంగానే పెద్ద అండ, అందులో నాకు అభ్యంతరం లేదు. పని పోయిన చోటి నుంచి డబ్బు ఎట్లా వస్తోందన్నది మాత్రం అడగక తప్పదు.

2. మొత్తాన్ని విప్పితే

మొదటి కారణం రూపాయి. 2008 మొదట్లో డాలరుకు 39, 40 రూపాయలు ఉండేవి. 2009 మార్చి నాటికి 51 దాటింది. యుఏఈ దిర్హమ్ విలువ డాలరుకు కట్టేసి ఉంటుంది కాబట్టి వెయ్యి దిర్హమ్‌లు అప్పటిదాకా సుమారు 10,800 రూపాయలైతే, ఆ తర్వాత సుమారు 14,000 అయ్యాయి. ఇప్పుడు ఒక్క నిమిషం నాతోపాటు లెక్క వేయండి. వెయ్యి దిర్హమ్‌ల జీతగాడికి కంపెనీ జీతం కోసి 770 ఇచ్చిందనుకుందాం. అవన్నీ పంపితే ఇంటికి చేరేది అవే 10,800 రూపాయలు. ఊళ్లో భార్యకు తేడా తెలియదు. దాదాపు పావు వంతు కోత పడిన సంగతి లేబర్ క్యాంపులో ఉన్న ఆ మనిషి కడుపుకు మాత్రమే తెలుసు, ఎందుకంటే అతను తినేది దిర్హమ్‌లతో కొన్న తిండి.

రెండో కారణం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పని పోయి వెనక్కి వచ్చే మనిషి ఉత్త చేతులతో రాడు. ఫైనల్ సెటిల్‌మెంట్ వస్తే అది, తోటివాళ్లకిచ్చిన చేబదుళ్లు, చిట్టీ పాట డబ్బు, దాచుకున్నది అంతా ఊడ్చి ఇంటికి పంపేస్తాడు. బ్యాంకు లెక్కలో ఇది కూడా రెమిటెన్సే. అంటే ఉద్యోగం పోయిన ఏడాదే అతను ఎక్కువ పంపినవాడిగా కనిపిస్తాడు! దేశం లెక్కలో రాబడి నిలకడగా ఉంది, ఆ ఇంటి లెక్కలో రాబడి ఆగిపోయింది. ఈ రెండూ ఒకే కాగితం మీద ఒకే అంకెగా అచ్చవుతాయి.

మూడోది 2020కి ప్రత్యేకం. మామూలు రోజుల్లో సెలవు మీద వచ్చే దోస్తు చేతికిచ్చి పంపే డబ్బు, హుండీ (హవాలా) దారిలో వచ్చే డబ్బు ఏ లెక్కలోకీ రాదు. విమానాలు ఆగడంతో అందులో కొంత బ్యాంకుల దారి పట్టింది. ఎప్పుడూ వస్తున్న డబ్బే అప్పుడు కొత్తగా లెక్కకెక్కింది.

నాలుగోది అప్పు. ఇది ఈ సభకు వచ్చిన గల్ఫ్ కార్మికుల కుటుంబాలకు నేను చెప్పవలసిన సంగతి కాదు. ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు చార్జీ చట్టం ప్రకారం 30,000 రూపాయలు, దాని మీద పన్ను. లక్షా యాభై వేలు ఇచ్చి వెళ్లినవాళ్లు ఈ హాల్లోనే ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని అడగను. ఆ లక్షా యాభై వేలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 4,500 మిత్తే. అక్కడ చమురు ధర పడినా, కంపెనీ రెండు నెలల జీతం ఆపినా మిత్తి ఆగదు. అందుకే మాంద్యంలో కార్మికుడు ఓవర్‌టైం దొరికితే వదలడు, సెలవు వాయిదా వేస్తాడు, జ్వరం వస్తే గోలీతో సరిపెట్టుకుంటాడు, గదిలో ఎనిమిది మంది ఉన్న చోట పన్నెండు మంది సర్దుకుంటారు. ఎకనామిక్స్ పుస్తకాలు ఇంటి వాళ్ల కష్టం చూసి ప్రవాసి ఎక్కువ పంపుతాడని రాస్తాయి. ప్రేమ ఉంది, నిజమే. దానితోపాటు వడ్డీ వ్యాపారి కూడా ఉన్నాడని ఆ పుస్తకాల్లో చేర్చాలి.

3. తగ్గినప్పుడు ఏం జరిగింది

ప్రతిసారీ మొత్తం నిలబడలేదు. 2014 నడిమి దాకా వంద డాలర్లకు పైన ఉన్న చమురు 2016 జనవరిలో 30 కిందికి వచ్చింది. ఇది ఆరు నెలల్లో తేరుకునే కుదుపు కాదు, ఏడాదిన్నర సాగిన పతనం. సౌదీ ప్రభుత్వం కాంట్రాక్టర్లకు బిల్లులు ఆపింది, కాంట్రాక్టర్లు కార్మికులకు జీతాలు ఆపారు. మన దేశానికి వచ్చిన డబ్బు 2016లో దాదాపు 9 శాతం తగ్గింది. ఒళ్లు ఎంత కుదించుకున్నా జీతమే చేతికి రానప్పుడు పంపడానికి ఏముంటుంది?

ఆ జూలై చివర సౌదీలో పదివేల మందికి పైగా భారతీయులు పని లేక, తిండి లేక చిక్కుకున్నారని స్వయంగా విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ప్రకటించారు. అక్కడి భారతీయులను అన్నం పెట్టి ఆదుకోమని కోరారు. సహాయమంత్రి వి.కె.సింగ్ వెళ్లారు. ఎగ్జిట్ వీసాలు ఇప్పించారు, విమానాలు ఎక్కించారు. ఆ పని చేసినందుకు ఆ ఇద్దరికీ కృతజ్ఞత చెప్పాలి. బకాయి జీతాల సంగతికి వస్తే, క్లెయిములు అక్కడ రాసిచ్చి ఇంటికి వెళ్లండి, తర్వాత చూద్దాం అన్నారు. వాళ్లు పనిచేసిన కంపెనీల్లో పెద్దదైన సౌదీ ఓజెర్ 2017లో మూతపడింది. నెలల తరబడి చేసిన పనికి కూలి అక్కడే ఉండిపోయింది, మనుషులు వచ్చేశారు.

2020లో కరోనా వేళ ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానాల్లో వచ్చినవాళ్లలోనూ జీతాలు వదులుకొని వచ్చినవాళ్లున్నారు. ప్రాణం దక్కితే చాలనుకున్న రోజులవి. రాకుండా పోయిన ఆ కూలి ఏ రెమిటెన్సు లెక్కలోనూ లోటుగా కనిపించదు. రావలసింది ఎంత అన్న గడి ఆ పట్టికల్లో లేనే లేదు.

4. తలుపు మూస్తే

ఇప్పుడు అవతలి దేశాల వైపు చూద్దాం. పనులు తగ్గగానే ప్రతి ప్రభుత్వానికీ తట్టే ఆలోచన ఒకటే, బయటివాళ్లను పంపేస్తే మనవాళ్లకు పని దొరుకుతుంది. దాని చరిత్రలో మన తెలుగువాళ్ల పేజీ ఒకటుంది, రక్తం అంటిన పేజీ.

కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి స్టీమర్లెక్కి తెలుగు కూలీలు రంగూన్ వెళ్లేవారు. బర్మావాళ్లు వాళ్లను కోరంగీలు అనేవారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. మేస్త్రీ కింద అప్పుతో కట్టుబడి, రేవులో ఓడలకు బస్తాలు ఎక్కించడం, బియ్యం మిల్లుల్లో పనిచేయడం వాళ్ల బతుకు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి మించి భారతీయులే. ప్రపంచ మాంద్యం మొదలైన కొద్ది నెలలకు, 1930 మే నెలలో, రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల సరుకు ఎత్తించే కాంట్రాక్టు కంపెనీలు వాళ్ల బదులు బర్మా కూలీలను తెచ్చాయి. సమ్మె పరిష్కారం కాగానే తెలుగువాళ్లను మళ్లీ పిలిచి, బర్మావాళ్లను వెళ్లిపొమ్మన్నాయి. మే 26న ఉదయం ఇద్దరూ రేవు దగ్గర ఎదురుపడ్డారు. తర్వాత కొన్ని రోజుల్లో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. ఇరువైపులా ఉన్నది రోజుకూలీలు. ఇద్దరినీ ఒకరి మీదికి ఒకరిని తోలి లాభపడినవాళ్లు రేవు దరిదాపుల్లో లేరు. ఆ తర్వాత రాజకీయమంతా భారతీయుల వలసను ఆపడం చుట్టూ తిరిగింది, 1941లో ఒప్పందం దాకా వచ్చింది. మేస్త్రీ పద్ధతి జోలికి, కూలి రేట్ల జోలికి ఎవరూ గట్టిగా పోలేదు. 1942లో జపాన్ దాడితో లక్షలమంది కాలినడకన అడవులు దాటి వచ్చిన కథ ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల ఇళ్లలో ఈనాటికీ చెప్పుకుంటారు.

జర్మనీ సంగతి వేరుగా తేలింది. చమురు సంక్షోభం వచ్చిన 1973 నవంబరులో పశ్చిమ జర్మనీ విదేశీ కార్మికుల నియామకాలు ఆపేసింది. అప్పటికి అక్కడ విదేశీ కార్మికులు సుమారు 26 లక్షలు. టర్కీ వాళ్లు, యుగోస్లావ్‌లు ఒకసారి వెళ్తే మళ్లీ రానివ్వరని గ్రహించి అక్కడే ఉండిపోయారు, భార్యాబిడ్డలను తెచ్చుకున్నారు. 1980 నాటికి పనిచేసేవాళ్లు తగ్గినా విదేశీయుల మొత్తం సంఖ్య పెరిగింది. రాకపోకలు తెరిచి ఉన్నంతకాలం మనుషులు వచ్చి పోతుంటారు, తలుపు మూస్తే లోపలున్నవాళ్లు కదలరు.

జపాన్ 2009లో బ్రెజిల్ నుంచి వచ్చిన జపాన్ సంతతి కార్మికులకు తలా మూడు లక్షల యెన్‌లు, కుటుంబ సభ్యులకు రెండేసి లక్షలు ఇచ్చి, ఇదే వీసా మీద తిరిగి రాకూడదన్న షరతుతో పంపించింది. సుమారు ఇరవై వేలమంది వెళ్లారు. పదేళ్లు తిరగకుండానే కార్మికులు చాలక అదే దేశం కొత్త చట్టం చేసి, 2019 ఏప్రిల్ నుంచి విదేశీయులను పిలవడం మొదలుపెట్టింది.

గల్ఫ్‌లో తలుపు మూసే తీరు ఇంకా కఠినం. చాలా చోట్ల వీసా ఖఫీల్ చేతిలో, అంటే రప్పించుకున్న యజమాని చేతిలో ఉంటుంది. పని పోతే ఉండే హక్కు పోతుంది. భార్యాపిల్లలను తెచ్చుకునే జీతం కూలీకి ఉండదు. సౌదీ 2011లో కంపెనీలు ఇంతమంది స్థానికులను పెట్టుకోవాలన్న నితాఖత్ విధానం తెచ్చింది. చమురు పడిపోయాక 2017 నుంచి కుటుంబాన్ని వెంట ఉంచుకున్నవాళ్ల మీద మనిషికి నెలకు 100 రియాళ్ల ఫీజు వేసి, ఏటా పెంచుతూ 2020కి 400 చేసింది. 2018లో కంపెనీల మీద విదేశీ కార్మికుడికి ఇంత అని సుంకం పెంచింది. కంపెనీ కట్టలేక అకామా (నివాస అనుమతి) రెన్యువల్ చేయకపోతే తప్పు కంపెనీది, కాగితాల్లేని ఖల్లివెల్లి అయ్యేది కార్మికుడు. అప్పు తీరక ఇంటికి రాలేడు, కాగితం లేక బయట తిరగలేడు, సగం జీతానికి దొంగచాటుగా పనిచేస్తాడు. స్థానికుల కూలిని దిగలాగేది కూడా ఈ సగం జీతమే. ఎవరికి మేలు చేయాలని ఈ విధానం తెచ్చారో వాళ్లకే ఇది చేటు. ఈ మాట నేను కోపంతో అనడం లేదు, లెక్క అట్లాగే ఉంది.

5. ఒకే రాష్ట్రం, రెండు ప్రవాసాలు

క్లుప్తంగా అమెరికా గురించి. 2009లో బెయిలవుట్ డబ్బు తీసుకున్న బ్యాంకులు హెచ్1బి మీద మనుషులను తీసుకోవడానికి అక్కడి ప్రభుత్వం కఠిన షరతులు పెట్టింది. 2020 జూన్‌లో కొత్తగా హెచ్1బి మీద వచ్చేవాళ్ల రాకనే ఆపింది. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు అంది. మన పిల్లలకు ఇవి పెద్ద దెబ్బలే, ఆ తల్లిదండ్రుల ఆందోళనను నేను తక్కువ చేయను.

కానీ జయశంకర్ సార్ ఉంటే ఇక్కడ ఆగి అడిగేవారని నా నమ్మకం. రిజర్వు బ్యాంకు సర్వేల ప్రకారం 2016-17లో మన దేశానికి వచ్చిన డబ్బులో యుఏఈ వాటా 26.9 శాతం, అమెరికాది 22.9. 2023-24కు అమెరికా 27.7 అయింది, యుఏఈ 19.2కు దిగింది. ఆ 2023-24 సర్వేలో తెలంగాణ వాటా 8.1 శాతం. ఈ 8.1లో హైదరాబాద్‌లో ఫ్లాటు కోసం డాలస్ నుంచి వచ్చిన డబ్బూ ఉంది, జగిత్యాల జిల్లా మల్యాలలో మిత్తి కట్టడానికి షార్జా నుంచి వచ్చిందీ ఉంది. మొదటిది పెరిగితే రెండోది తగ్గినా మొత్తం బాగానే కనిపిస్తుంది. అమెరికా 2026 జనవరి నుంచి బయటికి పంపే డబ్బు మీద ఒక శాతం పన్ను పెట్టింది. బ్యాంకు ఖాతా నుంచి పంపితే పన్ను లేదు, నగదు, మనీ ఆర్డరు లాంటివి ఇచ్చి పంపితేనే ఉంది. అక్కడ కూడా భారం ఎటు ఒరిగిందో చూడండి.

6. మన వాకిట్లో

2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ దేశాలకు వెళ్లే మన కార్మికుల కనీస సిఫారసు వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఇతర దేశాల వాళ్ల పోటీలో మనవాళ్లు పని పోగొట్టుకోకుండా అన్నది కారణం. మాంద్యంలో సొంత పౌరుడి ధరను తనంతట తానే తగ్గించి చూపిన ప్రభుత్వం అది. తెలంగాణ నుంచి కార్మిక సంఘాలు గట్టిగా అడ్డుపడ్డాయి, హైకోర్టులో పిటిషన్ వేశాయి. 2021లో పాత వేతనాలను పునరుద్ధరించారు. ఆ పోరాటం చేసినవాళ్లలో కొందరు ఈ సభలో ఉన్నారు. వాళ్లకు చప్పట్లు కొట్టాలి.

ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో చనిపోతే పది లక్షలు. నిద్రలో గుండె ఆగి పోయినవాడి ఇంటికి ఆ పది లక్షలు రావు. మనకు వచ్చే శవపేటికల్లో అట్లాంటి మరణాలు ఎన్నో మీకు తెలుసు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఐదు లక్షలు ఇస్తూ ఉత్తర్వు తెచ్చింది. దాన్ని స్వాగతించాలి. బతికుండి, పని పోయి, అప్పుతో తిరిగొచ్చినవాడికి మాత్రం ఇప్పటికీ ఏ పద్దు కిందా చోటు లేదు.

కేరళ 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా శాఖ పెట్టింది. 1998లో తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఇంటింటి వలస సర్వేలు మొదలుపెట్టింది. 2008లో చట్టం చేసి ప్రవాసుల సంక్షేమ బోర్డు, పెన్షను ఏర్పాటు చేసుకుంది. గల్ఫ్‌లో ఉద్యోగాలు పోయిన ప్రతిసారీ ఎంతమంది తిరిగి వచ్చారు, ఎంత అప్పుతో వచ్చారు అన్న అంచనా వాళ్ల చేతిలో ఉంటుంది. డబ్బు అడగడానికైనా, బాధ చెప్పుకోవడానికైనా వాళ్లకు కాగితం ఉంది. ఉత్తర తెలంగాణకు అంత నమ్మకమైన కాగితం లేదు.

నేను కోరేవి మూడు. తిరిగి పంపే ముందు ప్రతి కార్మికుడి బకాయి జీతాన్ని మన ఎంబసీ రాయించుకొని, అతని తరఫున అక్కడి కోర్టులో నడిపే అధికారపత్రం తీసుకోవాలి. ఇది పెద్ద ఖర్చు కాదు, ఒక న్యాయవాదుల బృందం చాలు. రెండోది, పని పోయి వచ్చినవాడి వడ్డీ అప్పును సహకార బ్యాంకు తక్కువ వడ్డీకి మార్చుకునే ఏర్పాటు. నూటికి మూడు రూపాయల మిత్తి ఉన్నంతకాలం ఏ ఆదుకోలూ ఇంటికి చేరదు, షావుకారికి చేరుతుంది. మూడోది ఇంటింటి సర్వే. ప్రభుత్వం చేసేదాకా ఆగనవసరం లేదు.

ఇక్కడ డిగ్రీ, పీజీ విద్యార్థులు చాలామంది కూర్చున్నారు. మీకు ప్రాజెక్టు వర్కు ఎట్లాగూ ఉంటుంది. ఒక్కో ఇంట్లో అడగవలసినవి ఎక్కువేం లేవు: వెళ్లడానికి ఎంత ఇచ్చారు, ఏ మిత్తికి తెచ్చారు, ఏ నెలల జీతం రాలేదు, తిరిగొచ్చేనాటికి ఎంత బాకీ మిగిలింది, అది తీర్చడానికి ఏం అమ్మారు. 2008లో, 2016లో, 2020లో వచ్చినవాళ్లను విడివిడిగా రాయాలి. ప్రశ్నపత్రం తయారుచేసి తెచ్చాను, సభ అయ్యాక తలా ఒకటి తీసుకోండి. జగిత్యాల జిల్లాలో రెండు ఊళ్లతో వచ్చే నెలలో మొదలుపెడదాం. వచ్చేవాళ్లు ఈ వేదిక పక్కన బల్ల దగ్గర పేర్లు రాయించండి.